దుబాయి ఎంత దూరం?



ప్రయాణాల చరిత్ర గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు నన్ను. నేను పదో తరగతి చదివి పెళ్ళి చేసుకున్నదాన్ని. నాకు తెలిసిన చరిత్ర ఎంత? ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ వంటింట్లో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఉన్నట్టుండి, "అమ్మా, దుబాయి ఎంత దూరముంటదమ్మా?" అని అడిగింది.

మా అబ్బాయి అట్లాసు తెచ్చి చూసి చెప్పాను. "హైదరాబాదు నుంచి గాలిలో గీత గీసినట్టు పోతే దగ్గర దగ్గర 2,550 కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు."

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. "నాలుగు గంటలేనా అమ్మా? మరి మా ఆయన పోయి అయిదేండ్లాయె. ఇంకా రాకపాయె" అంది.

నాకు నోట మాట రాలేదు. ఈవేళ నేను చెప్పబోయేదంతా ఆమె ప్రశ్నకు జవాబే అనుకోండి.

ముందు లెక్క సంగతి చూద్దాం. శంషాబాదులో పొద్దున పది గంటలకు ఎక్కామనుకోండి. నాలుగు గంటలు ప్రయాణం చేస్తే మన గడియారంలో మధ్యాహ్నం రెండవుతుంది. కానీ దుబాయిలో దిగేసరికి అక్కడి గడియారం పన్నెండున్నరే చూపిస్తుంది. సూర్యుడు మనకు ముందు, వాళ్ళకు తరువాత ఉదయిస్తాడు కాబట్టి వాళ్ళు మనకన్నా గంటన్నర వెనక. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ప్రయాణం కొంచెం తగ్గుతుంది. పైన ఆకాశంలో గాలి పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. గోదావరిలో వాలుకు పడవ పోయినట్టు విమానం ఆ గాలితో వస్తుంది. అదే బొంబాయి నుంచి అయితే దుబాయి ఇంకా దగ్గర, 1,930 కిలోమీటర్లు. మూడు గంటల ప్రయాణం. బొంబాయి గుర్తుంచుకోండి, దాని సంగతి ముందు ముందు చాలా వస్తుంది.

మన కరీంనగరు, ఆదిలాబాదు వైపు ఒక నానుడి ఉంది. బతుకుదెరువు కోసం మనవాళ్ళకు దిక్కులు మూడేనట: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. మూడింటి చివరా 'బాయి' ఉంది చూశారూ! మన మాటలో బాయి అంటే బావి. పొలంలో ఉన్న బాయిలో నీళ్ళు అడుగంటితే ఈ మూడు బాయిల్లో ఒకదాంట్లో దిగాలన్నమాట. బొగ్గుబాయి అంటే సింగరేణి గనులు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని మన జిల్లాల్లోనివే. ఆ పనికి పోయినవాడు షిప్టు దిగి ఇంటికొచ్చి అన్నం తింటాడు. మిగతా రెండూ అలాంటివి కావు.

అన్నిటికన్నా పాతది బొంబాయి దారి. కరీంనగరు నుంచి బొంబాయికి అట్లాసులో గీత గీస్తే 650 కిలోమీటర్ల పైచిలుకు. పాతకాలంలో ఆమడలు లెక్కపెట్టేవారు. ఆమడ అంటే ఎనిమిది మైళ్ళనుకుంటే యాభై ఆమడలు. రోజుకు రెండామడలు నడిచినా ఇరవై అయిదు రోజులు. అలా నడిచి పోయినవాళ్ళు ఉన్నారు. బొంబాయిలో కామాటిపుర అని ఒక పేట ఉంది. ఆ పేరు వింటే మనం ముఖం ముడుచుకుంటాం. కానీ ఆ పేరు ఎవరిని బట్టి వచ్చిందో తెలుసా? నిజాం రాజ్యం నుంచి వెళ్ళి ఆ నగరంలో రోడ్లు వేసి, ఇళ్ళు కట్టిన మన తెలుగు కామాటీలను బట్టి వచ్చింది. కామాటి అంటే కూలిపని చేసేవాడు. బొంబాయి గోడల్లో మనవాళ్ళ చెమట ఉందన్నమాట. సిరిసిల్ల వైపు పద్మశాలీలు మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూరు, భివండీ పోయారు.

రైలు వచ్చాక ఆమడల లెక్క మారింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వేయడంతో హైదరాబాదుకు బొంబాయి దారి తెరుచుకుంది. 1900 నాటికి నిజామాబాదు, బాసర మీదుగా మన్మాడుకు మీటరుగేజి లైను పడింది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య లైను పూర్తయి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా మద్రాసు నుంచి ఢిల్లీకి బళ్ళు తిరిగాయి. 1931లో ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాదుకు రైలు వచ్చింది. మరి కరీంనగరుకో? మన ఊరికి పెద్దపల్లి నుంచి రైలు 2001లో గానీ రాలేదు. అది నిజామాబాదుదాకా కలవడానికి 2017 పట్టింది. అప్పటిదాకా మన మగవాళ్ళు మూటా ముల్లే పట్టుకుని బస్సులో నిజామాబాదో, పెద్దపల్లో పోవలసిందే.

ఇక దుబాయి. ఒక విచిత్రం చెప్తాను. పూర్వం పని కోసం అరబ్బులే మన దగ్గరికి వచ్చారు! హద్రమౌత్ అనే ఎడారి ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో కొలువు చేశారు. హైదరాబాదులో బార్కస్ అనే పేట వాళ్ళదే. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయ్యింది. అప్పట్లో మన రూపాయి గల్ఫు దేశాల బజారుల్లో చెల్లేది. 1959లో ఆ దేశాల కోసమే రిజర్వు బ్యాంకు వేరే నోట్లు కూడా అచ్చు వేసింది. 1966 తరువాత ఆ చెలామణీ పోయింది. మన రూపాయి ఆడిన చోటే మన పిల్లలు దిర్హాముల కోసం ఎండలో నిలబడ్డారంటే కాలం ఎలా తిరిగిందో చూడండి.

గల్ఫుకు మొదట ఓడలే దారి. బొంబాయిలో ఎక్కితే కరాచీ, మస్కటు లాంటి రేవులు తాకుతూ పోయేవి. ద్వారక అనే ఓడ 1982 దాకా తిరిగింది. దానికి తోబుట్టువు లాంటి దారా అనే ఓడ 1961 ఏప్రిల్‌లో దుబాయి దగ్గర పేలుడు జరిగి మునిగిపోయింది. 238 మంది ప్రాణాలు పోయాయి. దుబాయి విమానాశ్రయం 1960 సెప్టెంబరులో తెరిచినప్పుడు రన్‌వే అంటే గట్టిగా దిమ్మిస చేసిన ఇసుకే. తారు రన్‌వే 1965లో వేశారు. 1971-72లో ఏడు చిన్న రాజ్యాలు కలిసి ఒక దేశమయ్యాయి. 1973-74లో చమురు ధర నాలుగింతలయ్యేసరికి ఆ ఎడారిలో డబ్బు పొంగింది. రోడ్లు, రేవులు, మేడలు అన్నీ ఒక్కసారే కట్టాలి. కట్టడానికి చేతులు కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర బాయిలు ఎండిపోతున్నాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్, లక్సెట్టిపేట పల్లెల నుంచి బయల్దేరారు. ముందు పోయినవాడు చిన్నాన్న కొడుకును పిలిచాడు. వాడు బామ్మర్దిని పిలిచాడు. అలా ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి.

మా మేనమామ 1986లో పోయాడు. నాకప్పుడు ఏడేళ్ళు. మా అమ్మమ్మ రెండెకరాల చెలక కుదువబెట్టి పన్నెండు వేలు తెచ్చింది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 360 రూపాయలు వడ్డీకే! మామ కరీంనగరులో సాయంత్రం బస్సెక్కి నిజామాబాదు చేరి, మీటరుగేజి బండిలో మన్మాడు పోయి, అక్కడ పెద్దలైను బండి మారి బొంబాయి చేరేసరికి మూడో రోజు తెల్లవారింది. అక్కడ ఒక్క గదిలో పద్దెనిమిది మంది మనవాళ్ళే. వంతులవారీగా వండుకోవడం, వంతులవారీగా పడుకోవడం. మొదటి ఏజెంటు డబ్బు తీసుకుని మళ్ళీ కనబడలేదు. రెండోవాడు నేడు రేపు అంటూ తిప్పాడు. అక్కడ రెండు నెలల పది రోజులు గడిచాయి. తరువాత విమానం. దుబాయి చేరాక రాసిన ఉత్తరంలో, "అన్నం పెట్టిండ్రు. తిని చెయ్యి కడుక్కునేలోపల దిగుమన్నరు" అని రాశాడు. ఆ ఉత్తరం ఊరంతా చదివించుకుంది.

అక్కచెల్లెళ్ళారా, లెక్క వేసి చూడండి. ఇంటి నుంచి బొంబాయి విమానం మెట్ల దాకా 650 కిలోమీటర్లు, డెబ్భై రోజులు. అక్కడి నుంచి దుబాయికి 1,930 కిలోమీటర్లు, మూడు గంటలు. టిక్కెట్టు మీద ఆ మూడు గంటలే అచ్చవుతాయి. ఆ డెబ్భై రోజులకు ఇంటి దగ్గర వడ్డీ కట్టింది మా అత్తమ్మ. పత్తి ఏరి, బీడీలు చుట్టి కట్టింది.

ఉత్తరాలకు పోను పదిహేను రోజులు, రాను పదిహేను రోజులు. పిల్లవాడికి జ్వరమని రాస్తే, ఎట్లున్నదని అడిగే జవాబు వచ్చేసరికి వాడు బడికి పోతుండేవాడు. చదువు రాని ఇళ్ళల్లో టేపురికార్డరు పని చేసింది. ఎవరైనా సెలవు మీద వచ్చి పోతుంటే క్యాసెట్టు నింపి పంపేవారు. మా అమ్మమ్మ ఆ పెట్టె ముందు కూర్చుని కొడుకు ఎదురుగా ఉన్నట్టే, "తిన్నవా బిడ్డా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగేది. క్యాసెట్టు తిరుగుతూనే ఉండేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు.

ఆ అమ్మమ్మ పోయినప్పుడు టెలిగ్రాం ఇచ్చారు. మూడు గంటల దూరంలో ఉన్న కొడుకు మూడో నెలలో వచ్చాడు. కాంట్రాక్టు రెండేళ్ళు. మధ్యలో సెలవు లేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. వచ్చినవాడు వాకిట్లో చెప్పులు విడిచి, అమ్మమ్మ మంచం వాల్చే చోట నిలబడిపోయాడు.

మీలో కొందరికి సందేహం రావచ్చు, మనకు విమానాశ్రయాలు లేవా, బొంబాయి దాకా ఎందుకు పోవాలి అని. హైదరాబాదులో విమానాల చరిత్ర చిన్నదేమీ కాదు. బేగంపేటలో 1930ల నుంచే విమానాలు దిగాయి. 1945లో నిజాం రైల్వే, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. ఆడవాళ్ళం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆడదని ఎన్నో కంపెనీలు కాదన్న ప్రేమ్ మాథుర్ అనే యువతికి 1947లో విమానం నడిపే ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాదు కంపెనీయే. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలటు ఆమె. 1953లో ఈ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మన దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ పక్కన రన్‌వే ఉంది. 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు అక్కడ దిగేవి. ఆదిలాబాదులో నిజాం కాలం నాటి విమాన మైదానం ఉంది. ఉన్నాయి గానీ మన వలస కూలీకి అవి పనికి రాలేదు. అతని వీసా, అతని ఏజెంటు, అతని టిక్కెట్టు అన్నీ బొంబాయిలోనే ఉండేవి.

బేగంపేట నుంచి గల్ఫుకు నేరుగా విమానాలు మొదలయ్యాక ఆ బాధ కొంత తగ్గింది. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాదు తెరిచారు. ఇప్పుడు కరీంనగరు నుంచి 160 కిలోమీటర్లు హైదరాబాదు, ఊరు దాటి శంషాబాదు, తరువాత నాలుగు గంటలు. పొద్దున ఇంట్లో చాయి తాగినవాడు రాత్రికి దుబాయిలో పడుకుంటాడు. ఆదిలాబాదు వాళ్ళకైతే హైదరాబాదు 300 కిలోమీటర్ల పైన, నాగపూరే దగ్గర. ఫోనులో ముఖం చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. మరి దూరం తగ్గినట్టేనా?

మా పనామె భర్త అయిదేళ్ళుగా ఎందుకు రాలేదు? విమానం లేక కాదు. మొదట అప్పు తీరలేదు. తరువాత ఆ కంపెనీ మూతపడింది. వేరే చోట పనికి కుదిరితే కాగితాలు లేనివాడయ్యాడు. కఫాలా అనే పద్ధతి గురించి మనం తెలుసుకోవాలి. గల్ఫులో చాలాచోట్ల కూలీ వీసా ఒక యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. అతని దగ్గర పని మానేస్తే ఉండే హక్కే పోవచ్చు. ఖతారులో అయితే 2018 దాకా యజమాని ఒప్పుకోనిదే చాలామంది కూలీలు దేశం దాటడానికి కూడా వీలుండేది కాదు. కాగితాలు లేనివాడికి నాలుగు గంటల దూరం నలభై ఆమడల అడవి.

ఒకోసారి దూరం అందరికీ ఒక్కసారే పెరిగిపోతుంది. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులో దిగింది. మన జిల్లాల ఇళ్ళల్లో రేడియోల చుట్టూ జనం మూగారు. అక్కడివాళ్ళు ఎడారి దాటి జోర్డానులోని అమ్మాను చేరితే, ఎయిరిండియా రెండు నెలలపాటు దాదాపు 500 విమానాలు నడిపి లక్షమందికి పైగా మనవాళ్ళను బొంబాయి చేర్చింది. ప్రపంచంలో ఎక్కడా ఒక పౌర విమాన సంస్థ అంతమందిని తరలించలేదు. కొందరు మెడలో వేసుకున్న చొక్కాతో వచ్చారు. మళ్ళీ 2020 మార్చిలో కరోనా వల్ల విమానాలన్నీ ఆగిపోయాయి. మే 7న వందేభారత్ పేరుతో మొదటి విమానాలు వచ్చేదాకా నాలుగు గంటల దూరానికి గంటలు లేవు, రోజులు లేవు. ఎదురుచూపే ఉంది.

పట్నంలో ఉండే మనకు ఇదంతా ఎందుకు అనుకోకండి. మన ఇంట్లో పనిచేసే ఆమె, కూరగాయలు తెచ్చే ఆమె, పక్కింటి డ్రైవరు భార్య, వీళ్ళల్లో ఎవరి మనిషో ఒకరు ఆ దేశంలో ఉండే ఉంటారు. వాళ్ళు మనల్ని అడిగేది డబ్బు కాదు, ఒక కాగితం చదివి పెట్టమని. ఆ పని మనం చేయగలం.

పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈ.సి.ఆర్. అని ఉంటుంది. గల్ఫు వంటి దేశాలకు కూలికి పోవాలంటే వాళ్ళు ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి. 1983 వలస చట్టం పెట్టిన నిబంధన ఇది. ఏజెంటుకు కూడా ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషను ఉండాలి. నేను పదో తరగతి గట్టెక్కినందుకు నాకా ముద్ర అక్కర్లేదట! ఆ పరీక్షకు ఇంత విలువ ఉందని అప్పుడు తెలిస్తే లెక్కలు ఇంకొంచెం శ్రద్ధగా చేసేదాన్ని. "విజిటు వీసా మీద పోదాం, అక్కడికి పోయినంక మార్పిస్త" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. ఆ మాట నమ్మి చిక్కుకున్నవాళ్ళు చాలామంది. ఈ.సి.ఆర్. అనుమతితో పోయేవాళ్ళకు 2003 నుంచి ప్రవాసీ బీమా ఉంది. 2017లో అది పది లక్షల బీమా. రెండేళ్ళకు కట్టేది అప్పుడు 275 రూపాయలుగా పెట్టారు. ఒక చీర ఫాలుకు, జాకెట్టు కుట్టుకూలికి మనం ఇచ్చే డబ్బు! పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితం నాలుగింటికీ నకళ్ళు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండాలి. మగవాడి జేబులో కాదు, ఇంట్లో ఉండే ఆడదాని చేతిలో ఉండాలి. ఏదైనా జరిగితే ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆమే కాబట్టి.

మా పనామె మొన్న తన పెట్టెలోని కాగితాలన్నీ తెచ్చింది. పాత కాంట్రాక్టు నకలు దొరికింది. కంపెనీ పేరు, పాస్‌పోర్టు నంబరు అందులో ఉన్నాయి. ఎంబసీకి ఒక దరఖాస్తు రాసి పెట్టాను. నా ఇంగ్లీషు ఏపాటిదో నాకు తెలుసు, అందుకే మా అబ్బాయి చేత దిద్దించాను. జవాబు ఇంకా రాలేదు. ఆమె రోజూ గిన్నెలు తోముతూ అడుగుతుంది, "అమ్మా, వచ్చిందా?" అని.

చిన్నప్పుడు పాఠంలో దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని చెప్పారు. ఆ సూత్రం విమానానికి సరిపోతుంది. ఇంట్లో ఎదురుచూసే ఆడదానికి సరిపోదు. ఆమె లెక్కలో అప్పు కలపాలి, వడ్డీ కలపాలి, యజమాని బీరువాలోని పాస్‌పోర్టు కలపాలి. అవన్నీ తీరిన రోజున దుబాయి నిజంగా నాలుగు గంటల దూరమవుతుంది.

మీ ఇంటికి వచ్చే ఆమెను ఒకసారి అడిగి చూడండి, కాగితాలు ఎక్కడ పెట్టావమ్మా అని. సెలవు.